వాగు అవతలి మేపుల్ దుంగ

"మీ మోటారు రంపం ఆగిన ప్రతిసారీ మీరు ఏ చెట్టు కిందో పడి చచ్చిపోయారేమోనని భయమేస్తోందండీ."

గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అన్న మొదటి మాట అదే. పేరు చెప్పలేదు, పలకరింపు లేదు. చంకలో ఎనిమిది నెలల పాప. తలుపు తీసిన రెయినో చేతిలో కాఫీ కప్పు.

"ఇంకా చావలేదు," అన్నాడు. "ఇంతకీ నువ్వెవరమ్మాయ్?"

కొరీన్. రోడ్డుకి దిగువన మాకి అనే కుటుంబం వాళ్ళ పాత ఇంట్లో వేసవి మొదట్లో అద్దెకు దిగింది. భర్త సుపీరియర్ సరస్సు మీద ఖనిజం మోసే ఓడలో పనిచేస్తాడు. వెళ్తే ఐదారు వారాలు ఇంటి ముఖం చూడడు. ఆమె పాప పుట్టేదాకా నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉండేది. ఇప్పుడు చెవిన పడ్డ ప్రతి చప్పుడునీ పరీక్షిస్తోంది.

"చెట్టు కూలితే ఆపుతాను. కాఫీ తాగాలంటే ఆపుతాను. ముసలాణ్ణి కదా, గంటకోసారి పొదల చాటుకి కూడా వెళ్ళాలి. అన్నిటికీ నువ్వు భయపడుతూ కూర్చుంటే మంచు పడేనాటికి నాకంటే ముసలిదానివవుతావు."

ఆమె నవ్వలేదు. "ఏం చెయ్యనండీ, నా బుద్ధే అంత. పాప కాస్త గట్టిగా నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను."

"సర్లే, నీ కోసం ఆపనులే," అన్నాడు రెయినో. మాట వరసకి అన్నాడు గానీ, మర్నాటి నుంచి నిజంగానే ఆపడం మానేశాడు. దుంగ మీద కూర్చుని మాంసం కూరిన పాస్టీ రొట్టె తింటున్నా పక్కన రంపాన్ని చిన్నగా కూస్తూనే ఉండనిచ్చేవాడు. పెట్రోలు దండగ. కానీ అందులో అతనికీ ఒక సుఖం ఉందని మూడోనాటికే తెలిసింది.

రెయినోకి డెబ్బై ఒకటి. పదహారో ఏట తండ్రి వెంట అడవిలోకి వెళ్ళాడు. నలభై ఏళ్ళు పరాయివాళ్ళ చెట్లు కొట్టాడు. ఆ తర్వాత సొంత గుట్ట మీద తన పొయ్యికీ, శనివారం సౌనా గదిలో ఆవిరి స్నానానికీ కావలసిన కట్టెలు మాత్రం కొట్టుకుంటున్నాడు. మేపుల్, పసుపు బర్చ్. గట్టి చెక్క. ఏడాది పాటు ఎండితే గానీ సరిగ్గా మండదు కాబట్టి, ఈ ఏడు కొట్టేదంతా వచ్చే ఏటి చలికే. ఎవరి చలికో అనిపించేది ఒక్కోసారి.

భార్య ఐలి ఉన్నన్నాళ్ళూ పొద్దున కాఫీ దగ్గర ఒక తంతు జరిగేది.

"ఎటు?" అనేది ఐలి, తల ఎత్తకుండా.

"బర్చ్‌ల దగ్గరికి. మూడింటికల్లా వస్తా."

"మూడున్నర దాటితే నీ కూర కుక్కకి."

వాళ్ళకి కుక్క లేదు. కాపురం చేసిన నలభై ఐదేళ్ళలో ఎన్నడూ లేదు. ఐలి పోయి నాలుగేళ్ళయింది. మొదటి వారం పొద్దున్నే కుర్చీ వైపు చూసి "బర్చ్‌ల దగ్గరికి" అన్నాడు, నోరు జారి. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండానే బయల్దేరడం అలవాటైంది. అడవిలో రంపం ఆపినప్పుడు కూడా అదే నిశ్శబ్దం ఎదురయ్యేది. అందుకే కొరీన్ పేరు చెప్పుకుని ఆపడం మానేశాక ప్రాణం కుదుటపడింది.

అక్టోబరు మొదట్లో ఒకనాడు వాగు దాటి వెళ్ళాడు. గాలికి కూలిన పెద్ద మేపుల్ అక్కడ ఏటవాలులో పడి ఉంది. మొదలు దగ్గర రెండు చేతులతో చుట్టినా అందనంత లావు. ఏటవాలులో దుంగ కోసేటప్పుడు పైవైపు నిలబడాలి. ఆ సంగతి కుర్రాళ్ళకి చెప్పీ చెప్పీ అతని గొంతు అరిగింది. కానీ పైవైపు ఊట నీటితో అడుసుగా ఉంది. ఒక్క కోతే కదా అని కిందివైపు నిలబడ్డాడు.

తునక తెగీ తెగగానే కదిలింది. రెయినో పక్కకి దూకాడు. ఎడమ బూటు దూకలేదు. దుంగకీ పాత మోడుకీ మధ్య మడమ దగ్గర ఇరుక్కుంది. చేజారిన రంపం నాచు మీద వెల్లకిలా పడి, ఏమీ జరగనట్టు చిన్నగా కూస్తూ ఉంది.

దుంగలు దొర్లించే కొక్కెం కర్ర రెండు బారల దూరంలో ఉంది. సాగిలపడి, నడుముకున్న చిన్న గొడ్డలి తీసి చాపాడు. అందలేదు. జేబులో ఫోను ఉంది గానీ ఆ లోయలో దానికి ప్రాణం ఉండదు. అరిచాడు. అరుపు కంటే రంపం కూతే పైకి వినిపిస్తోంది. అప్పుడు అర్థమైంది: ఆ కూత వినబడినంతసేపూ దిగువింటి అమ్మాయి నిశ్చింతగా ఉంటుంది.

దాన్ని ఆపాలి. అదీ అందదు. రాయి విసిరాడు. తగిలింది గానీ ఆగలేదు. పెట్రోలు అయిపోవాలి, పొద్దుటే నింపాడు. జీవితంలో మొదటిసారి ఆ నిశ్శబ్దం కోసం ఎదురుచూశాడు. పాదం మొదట మండింది, తర్వాత మొద్దుబారింది. అది అయిపోవడానికి ఏకంగా గంట పైన పట్టింది. రంపం రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

ఇక అడవి మిగిలింది, అతను మిగిలాడు. కాసేపటికి దూరంగా తన ఇంటి వైపు నుంచి "రెయినో గారూ!" అని కేక. అది నిన్న కోసిన గుట్ట వైపు వెళ్ళింది. దూరమైంది. ఎటు వెళ్ళాడో ఆమెకేం తెలుసు, చెప్తేగా! అరిచి అరిచి గొంతు పోయింది. చేతిలోని గొడ్డలి వెనకవైపుతో దుంగని బాదసాగాడు. మూడు దెబ్బలు, కాసేపు ఆగడం, మళ్ళీ మూడు.

పాపని గుండెకి కట్టుకుని కొరీన్ వాగులోంచి మోకాళ్ళ దాకా తడిసి వచ్చింది.

"ఇంతసేపూ కూస్తూనే ఉందిగా! తింటున్నారనుకున్నాను!"

"తిట్లు తర్వాత. ఆ కొక్కెం దుంగకి తగిలించు. కర్ర చివర పట్టుకో. బలం అక్కర్లేదు."

"తెలుసండీ, తులాదండం. స్కూల్లో చదివాను."

"అయితే ఇవాళ పరీక్ష. పిల్లని ఇలా ఇవ్వు."

కాలు దుంగ కింద, పాప ఒళ్ళో. పాప అతని గడ్డంలోని రంపపు పొట్టు పీకుతోంది. కొరీన్ ఒళ్ళంతా కర్ర మీద వేసింది. దుంగ నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. రెయినో బూటుని అక్కడే వదిలి పాదాన్ని మాత్రం లాక్కున్నాడు.

రెండు ఎముకలు విరిగాయి. ఆ శనివారం కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టి కూర్చుంటే, కొరీన్ యాలకుల రొట్టె కోసి ముందు పెట్టింది.

"ఇక అడవికి ఒక్కరే వెళ్ళనని మాటివ్వండి."

"ఇవ్వను. వెళ్ళకపోతే ఈ వంటింట్లో పిచ్చెక్కుతుంది." రొట్టె తుంచుకున్నాడు. "నువ్వు చెవులు రిక్కించుకుని కూర్చోవడం వల్ల ఏం ఒరిగింది? కూత విని మోసపోయావు. నేను చెప్పి వెళ్ళాల్సింది. అంతే అసలు పని. ఎటు వెళ్తున్నామో, ఎప్పటికొస్తామో నోటితో చెప్పి వెళ్ళాలి. నీకూ అదే చెప్తున్నా. మీ ఆయన ఓడ మీద ఉన్నప్పుడు నువ్వూ ఒంటరిదానివే."

"ఎవరికి చెప్పనండీ, ఇంట్లో ఎవరున్నారు?"

"అదుగో, నీ ఒళ్ళో అంత మనిషి ఉందిగా. దానికి చెప్పు. చెప్పేటప్పుడు నీకే తెలుస్తుంది, ఎక్కడికి పోతున్నావో."

కాలు బాగయ్యాక రోజూ పొద్దున ఏడింటికి కొరీన్ ఫోను మోగుతుంది. "బర్చ్‌ల దగ్గరికి. మూడింటికి," అని పెట్టేస్తాడు. వీడ్కోలు చెప్పడం అతనికి రాదు. కొరీన్ గడియారం చూసి గోడ మీద రాసుకుంటుంది. తర్వాత కోటు తొడుక్కుని, ఉయ్యాల దగ్గర వంగి, పాప కళ్ళలోకి చూసి చెబుతుంది: "కట్టెల కొట్టానికి. రెండు మోపులు. పది నిమిషాల్లో వస్తా."