నవ్వు ఆగాక చెప్పాల్సిన మాట

2003 మార్చి రెండో వారంలో నా వృత్తి జీవితంలోని ఆఖరి పని నాకు అప్పగించారు. పని చోటు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి మైలు దూరంలో, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక ఉద్దానం ఊరు. హోదా రచయిత. గడువు తొమ్మిది రోజులు. పిలిచింది సినిమా కంపెనీ కాదు, పలాసలో ఆఫీసు పెట్టుకున్న ఒక స్వచ్ఛంద ఆరోగ్య సంస్థ. అప్పటికి నేను మద్రాసు వదిలి సొంతూరు టెక్కలి వచ్చేసి అయిదేళ్లయింది. ఆ అయిదేళ్లలో నన్ను రచయితగా గుర్తించి ఇంటికి వచ్చింది ఆ సంస్థలో ఆరోగ్య కార్యకర్తగా పనిచేసే సరోజిని ఒక్కతే. మిగతా ఊరందరికీ నేను లెక్కల మేష్టారి బావమరిదిని.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. పాటలూ హాస్యమూ కలిసి నడిచిన సినిమాల రోజుల్లో కథ ఒకరు, మాటలు ఒకరు, హాస్యం ఇంకొకరు రాసేవాళ్లు. హాస్యాన్ని ‘ట్రాక్’ అనేవాళ్లు. ఒక హాస్యనటుడు, ఒక హాస్యనటి, వాళ్ల పెళ్లికి అడ్డం పడే ఒక మావ, నాలుగు సీన్లు, ఒక పాట. అసలు కథతో వీటికి చుట్టరికం ఉండక్కర్లేదు. ఆ నాలుగు సీన్లూ నావి. మొదటి ఆరేళ్లు నేను ఘోస్టుని, అంటే రాసేది నేను, తెర మీద పడేది మా గురువుగారి పేరు. తర్వాత సహాయ రచయితనయ్యాను. ఆ పైన టైటిల్స్‌లో ‘హాస్య సన్నివేశాలు’ అని నా పేరు విడిగా వెయ్యడం మొదలుపెట్టారు. అది తెర మీద ఎంతసేపు ఉండేదంటే, దాన్ని చూడ్డానికి మా ఆవిడ ఒకే సినిమాకి మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. మొదటిసారి తుమ్మింది, రెండోసారి ముందు వరస ఆయన లేచి నిలబడ్డాడు.

నాకు కాస్త పేరు తెచ్చిన విద్య పాటకి లీడ్ ఇవ్వడం. సీనులో ఆఖరి మాట పడగానే వాద్యాలు అందుకోవాలి, మధ్యలో ఊపిరి పీల్చుకునే సందు ఉండకూడదు. ఆ సందు లేకుండా రాయడంలో నన్ను మించినవాడు లేడని నేను అనేవాణ్ణి. ఇతరులు కూడా ఒకరిద్దరు అన్నారు.

తర్వాత ట్రాకులు పోయాయి. నా చివరి మూడు సినిమాల్లో జనం నవ్వలేదు. మూడోదాన్ని సొంతూరు వచ్చినప్పుడు పలాసలో మ్యాట్నీకి వెళ్లి చూశాను. హాలంతా ఒక్కసారే నవ్వింది. అదీ నా సీను మధ్యలో ప్రొజెక్టరు ఆగిపోయి తెర తెల్లబడినప్పుడు. అంతకంటే తీర్పు అక్కర్లేదనిపించి పెట్టే బేడా సర్దుకున్నాను.

సరోజిని చెప్పిన సంగతి ఇది. ఆ ఊళ్లో కిడ్నీ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. ఎందుకొస్తోందో పెద్ద డాక్టర్లకే అంతుపట్టలేదు. ముందుగా తెలిస్తే మందులతో, జాగ్రత్తలతో చాలాకాలం నెట్టుకు రావచ్చు. తెలియాలంటే రక్తపరీక్ష చెయ్యాలి. జనం రారు. కిందటేడు ఎవరో వచ్చి పరీక్షలు చేసి, జబ్బున్నవాళ్ల పేర్లు రేషను జాబితా చదివినట్టు బడి దగ్గర మైకులో చదివేశారు. పేరు వినబడ్డ ఇంటికి మర్నాటి నుంచీ చుట్టాలు అరటిపళ్లు పట్టుకుని పరామర్శకి రావడం మొదలైంది. మనిషి అరుగు మీద బీడీ కాలుస్తూ కూర్చునే ఉండేవాడు, వచ్చినవాళ్లు అతని గుణగణాలు తల్చుకుని ఏడ్చి వెళ్లేవారు.

“ఒక్క రోజే వస్తాది సార్ డాక్టరమ్మ, విశాఖపట్నం నుంచి. ఆ రోజు జనం రాకపోతే వ్యాను ఇంకో ఊరు ఎల్లిపోద్ది. మళ్లీ ఈ ఊరి వంతు ఎప్పుడో నేనైతే చెప్పలేను,” అంది సరోజిని.

నాటకంలో తప్పనిసరిగా ఉండాల్సింది ఒక్క మాటే: ఈసారి పేర్లు చదవరు, ఫలితం మూసిన కవరులో ఎవరిది వాళ్ల చేతికే ఇస్తారు. మిగతాదంతా నా ఇష్టమంది. నిర్మాతలెవరూ నాకంత స్వేచ్ఛ ఇచ్చి ఎరగరు.

ఊళ్లో నాటకాలాడే బృందం ఉంది. దాని పెద్ద సింహాచలం, యాభై దాటిన కొబ్బరి రైతు, పుట్టు హాస్యగాడు. రెండేళ్ల కిందట అతని అన్న ఈ జబ్బుతోనే పోయాడు. రిహార్సల్లో సీనుకీ సీనుకీ మధ్య ఇతను గోడకి ఆనుకుని కూలబడుతుండేవాడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. సరోజిని చూసింది. మొదటి పరీక్ష నీకే చేయించాలి బాబాయ్ అంది. “నాటకం ఆడించడం వరకే నా పూచీ అమ్మా. ఆ కాయితం మాత్రం నాకొద్దు. అన్నయ్యకి కాయితం వచ్చినాకే మంచం ఎక్కినాడు,” అన్నాడతను. మేమందరం ఆ ఊరికోసం నాటకం వేస్తున్నామని పైకి అనుకున్నా, సరోజిని మనసులో ఉన్న ప్రేక్షకుడు ఈ ఒక్కడే అని నాకు మూడో రోజుకి అర్థమైంది.

నేను రాసిన కాయితాలు అతను చదివి, చాలా మర్యాదగా పక్కన పెట్టాడు. “ఇదేటి బాబూ, మన మాట ఇలగుంటాదేటి? ఇది సినిమాల్లో నౌకరోడి మాట.” నేను టెక్కలిలో పుట్టినవాణ్ణి. ముప్పై ఏళ్లు మా సొంత యాసని మద్రాసులో నవ్వులకి అమ్ముకుని, అసలు సరుకు ఎలా ఉంటుందో మర్చిపోయాను. మాటలు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండన్నాను. సీన్ల వరస మాత్రం మార్చనివ్వలేదు. ఆ వరస మీద నాకు అంత గట్టి నమ్మకం.

అసలు సీను ఇది. తోట నుంచి ఇంటికొచ్చిన మనిషికి తన అరుగు నిండా ఏడుస్తున్న జనం కనబడతారు. ఎవరు పోయారో తెలియక, అడిగితే బాగుండదని తనూ కూర్చుని అందరికంటే గట్టిగా ఏడుస్తాడు. పోయినవాడు ఎంత మంచివాడో నాలుగు మాటలు చెబుతాడు. చివరికి పెళ్లాన్ని చాటుగా అడుగుతాడు, పోయిందెవరని. నువ్వే అంటుంది పెళ్లాం, మైకులో పేరు సదివినారు కదా అంటుంది. వెంటనే ఆరోగ్య కార్యకర్త వేషంలో ఉన్న సరోజిని ముందుకొచ్చి కవరు సంగతి చెబుతుంది. ఆ మాట మీదే హార్మోనియం అందుకుని పాట మొదలవుతుంది. లీడ్ అమోఘంగా కుదిరిందని నా వీపు నేనే తట్టుకున్నాను.

కరెంటుని నమ్మలేక, పొద్దుండగానే సాయంత్రం అయిదింటికి బడి ఆవరణలో ఆడారు. ఊరు ఊరంతా వచ్చింది. నేను పాత అలవాటు ప్రకారం తెర పక్కన ప్రాంప్టింగ్ ఫైలు పట్టుకుని నిలబడ్డాను. అలవాటు ప్రకారమే, నవ్వు పడ్డ చోటల్లా మార్జిన్‌లో పెన్సిలుతో గీత పెట్టుకుంటున్నాను. ‘నువ్వే’ అన్న మాట పడగానే సింహాచలం ఏడుపు ఆపకుండా, తన పరామర్శకి తెచ్చిన అరటిపళ్లలోంచే ఒకటి తుంచుకుని ఒలిచాడు. అది నేను రాసింది కాదు. జనం విరగబడి నవ్వారు. ముసలాళ్లు పక్కవాళ్ల మీద పడిపోయారు. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ తడిలో సరోజిని పెదాలు కదలడం కనిపించింది, హార్మోనియం అందుకుంది, పాట అయింది. నేను గీతలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను.

మర్నాడు ఏడింటికి క్యాంపు. నేను బస చేసిన ఇంటి నుంచి బడి దాకా నడిచిన దారిలో కనీసం పదిమంది నన్ను ఆపి మెచ్చుకున్నారు. “బలే నవ్వించీసినారు బాబూ, పొట్ట సెక్కలయిపోనాది,” అని, కత్తి భుజాన వేసుకుని తోటలకి వెళ్లిపోయారు. నేను అభినందనలు స్వీకరిస్తూ బడికి చేరేసరికి అక్కడ బల్లలున్నాయి, సూదులున్నాయి, డాక్టరమ్మ ఉంది, సరోజిని ఉంది. ఊరివాళ్లు లేరు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. పదకొండు దాకా చూసి సామాను కట్టేస్తామని డాక్టరమ్మ అంది. కోపంగా అనలేదు, ఆవిడకిది కొత్త కాదు.

సింహాచలాన్ని వెతుక్కుంటూ వెళ్లాను. వీధిలో కామమ్మ అనే పెద్దావిడ కొబ్బరి పీచు ఒలుస్తోంది. నాటకం మొదటి వరసలో కూర్చుని చూసిన మనిషి. పరీక్షకి రాలేదేమని ఆవిణ్ణే అడిగాను.

“ఎందుకు బాబూ? మళ్లీ మైకులో సదవడానికా?”

“చదవరని నిన్న నాటకంలో చెప్పాం కదమ్మా.”

“ఎప్పుడు సెప్పినారు? నాను మొదల్నించి సివరాకరిదాకా కూకున్నాను.”

సింహాచలం తన అరుగు మీద నుంచి ఇది విన్నాడు. “నిజమే బాబూ. పక్కనే ఉన్నాను, నాకే ఇనబళ్లేదు. ముందే తెలుసు గాబట్టి సరిపోనాది.”

సినిమా హాస్యంలో ఓనమాలు దిద్దేటప్పుడే నేర్పే పాఠం ఒకటుంది. నవ్వు పడే మాట వెనకాల పనికొచ్చే మాట పెట్టకూడదు. హాలు నవ్వుతుంటే తర్వాతి మాట ఎవరికీ వినబడదు. అందుకని ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించే మాటలు రెండు మూడు అక్కడ పోస్తాం. వాటిని మా గురువుగారు తవుడు అనేవారు. ముప్పై ఏళ్లు రాసిన ప్రతి సీనులోనూ నేను తవుడు పోశాను. ఈ ఒక్క నాటకంలో పొయ్యలేదు. పోయాలని తోచలేదు. ఎందుకో అరుగు ముందు నిలబడ్డప్పుడు తెలిసింది: జనం నవ్వుతారని నేను అనుకోలేదు. ఆ పలాస మ్యాట్నీ తర్వాత నా మాటలకి ఎవరైనా నవ్వుతారన్న ఆశ లోపల ఎక్కడో చచ్చిపోయింది. అది చాలదన్నట్టు, నా ప్రసిద్ధమైన లీడ్ ఒకటి. ఊరికి ప్రాణం లాంటి మాటని అటు నవ్వుకీ ఇటు హార్మోనియానికీ మధ్య ఇరికించి, నిశ్శబ్దంగా నలిపేశాను.

సిగ్గుతో నా ముఖం ఎలా ఉందో గానీ, సింహాచలమే అన్నాడు. “ఆ ఒక్క ముక్క ఇక్కడే మళ్లీ ఆడీద్దాం బాబూ.” తొమ్మిదిన్నరకి బృందం అతని అరుగు మీదే ఏడుపు మొదలుపెట్టింది. మేం జనాన్ని పిలవాల్సిన పని లేకపోయింది. పొద్దున్నే సింహాచలం ఇంట్లో ఏడుపులు వినబడేసరికి నాలుగు తోటల వాళ్లూ కత్తులు పారేసి పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు దారి నుంచే ఏడుస్తూ వచ్చారు. అరుగు మీద అతను అరటిపండు తింటూ కనబడ్డాడు. వచ్చినవాళ్లు ముందు తిట్టారు, తర్వాత నవ్వారు, నిన్నటికంటే ఎక్కువ నవ్వారు.

ఈసారి నేను చెయ్యెత్తి సరోజినిని ఆపాను. సింహాచలం నేను చెప్పినట్టే తవుడు పోశాడు. పండు పచ్చిగా ఉందన్నాడు, తొక్క ఎక్కడ పారెయ్యాలని అడిగాడు, తన మీద ఈగ వాలిందన్నాడు. నవ్వు తగ్గింది, దగ్గులు కూడా ఆగాయి. హార్మోనియం వాయించే ఆయన చేతులు జేబుల్లో పెట్టించాను. అప్పుడు సరోజిని మామూలు గొంతుతో చెప్పింది.

కామమ్మ, “మైకు తెచ్చినారా లేదా?” అంది. కబురు పంపితే డాక్టరమ్మ వ్యానులో అక్కడికే వచ్చి, వెనక తలుపులు తనే తెరిచి చూపించింది. మైకు లేదు. కామమ్మ లోపలికి తొంగి చూసి, వెనక్కి తిరిగి, సింహాచలం వైపు వేలు చూపించింది.

“మరి నువ్వెల్లినావేటి? ఏడిసినోడివీ నువ్వే, పండు తిన్నోడివీ నువ్వే. ముందు నువ్వెల్లు.”

అతను నా వైపు చూశాడు. మాట మర్చిపోయిన నటుడు ప్రాంప్టరు వైపు చూసే చూపు అది. నాకూ ఆ పరీక్ష అంటే భయమే. టెక్కలి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, నేనూ అప్పటిదాకా చేయించుకోలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, “పద, నేనూ వస్తాను,” అన్నాను. ఇద్దరం నడిచాం. నేను వెనక్కి చూడలేదు, చూస్తే ఎవరూ ఉండరేమోనని. బడి దగ్గర బల్ల మీద కూర్చున్నాక చూశాను. వరస గేటు దాటి వీధిలోకి ఉంది. పదకొండుకి బయల్దేరాల్సిన వ్యాను సాయంత్రం దాకా కదల్లేదు.

వారం తర్వాత సరోజిని ఇంటింటికీ తిరిగి కవర్లు ఇచ్చింది. నాది బాగానే ఉంది. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి టెక్కలి బజారంతా చెప్పుకున్నాను. సింహాచలం తన కవరు విప్పి చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడని మాత్రం సరోజిని అంది. అంతకు మించి ఆవిడ చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

ఆ తర్వాత నెలకోసారి అతను టెక్కలి బస్టాండులో విశాఖపట్నం బస్సు కోసం నిలబడి కనబడేవాడు. చంకలో గుడ్డ సంచి ఉండేది. “కొబ్బరి బేరానికి బాబూ,” అనేవాడు. బేరం బాగుండాలి అనేవాణ్ణి. అలా చాలా ఏళ్లు బేరానికి వెళ్లాడు. మధ్యలో నాటకాలూ ఆడాడు.

ఆ పని నాకు నేర్పింది ఇదీ. జనం నవ్వితే నా ఉద్యోగం అయిపోయిందని ముప్పై ఏళ్లు అనుకున్నాను. నవ్వు జనాన్ని పోగుచేస్తుంది, అంతవరకే. వాళ్లకి చెప్పాల్సింది నవ్వు ఆగాక, మామూలు గొంతుతో చెప్పాలి. చెప్పినవాళ్లు ఆ మాట మీద ఉండాలి. సింహాచలం కవరులో ఏముందని నేను ఇంతవరకూ ఎవరినీ అడగలేదు.