చెయ్యి తిరిగిన మేస్త్రి

చెయ్యి తిరిగిన మేస్త్రి అని ఆయనకు పేరు. ముప్పై నాలుగేళ్ళు గోడలకు ప్లాస్టరింగు చేశాడు. కుడి భుజం కీలు అరిగిపోవడంతో దాని స్థానంలో లోహపు కీలు అమర్చారు. ఏడు వారాల తర్వాత, మోచేయి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంటే చెయ్యి దాదాపు కదలలేదు. అది తిరగకపోతే గోడపని లేదు. ఆయన బెంగంతా అదే.

ఫిజియోథెరపిస్టు ఆయన చంకలో మడిచిన తువ్వాలు పెట్టి, రెండు చేతులకూ ఒక కర్ర పట్టించింది. ఎడమ చెయ్యి కర్రను నెడితే కుడి చెయ్యి తిరగాలి, తువ్వాలు జారకూడదు.

"తాపీగా, బాబాయ్."

"తాపీ చేతిలో ఉన్నన్నాళ్ళూ నాకెవరూ ఆ మాట చెప్పలేదమ్మా."

ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి, కర్ర కొస చేరినచోట రోజూ పెన్సిలుతో గీత పెట్టేవాడు. రెండు వారాల్లో గీతలు జానెడు ముందుకు పాకాయి. వచ్చే నెల పనిలోకి వస్తున్నానని తోటివారికి కబురు పంపాడు. తీరా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు కొలిస్తే పదిహేను డిగ్రీలే. మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే. ఆ పిల్లకు కొలవడం రాదని దారి పొడవునా విసుక్కున్నాడు.

మర్నాడు భార్య ఆయన పనిసంచిలోంచి, దారానికి వేలాడదీసి గోడ నిలువు చూసే తూకంగుండు తీసి, క్యాలెండరు మేకుకు తగిలించింది. దారానికి సూటిగా చొక్కా గుండీ వచ్చేలా ఆయన్ను నిలబెట్టి తిప్పమంది.

కర్ర కొస గీతను అందుకుంది. గుండీ మాత్రం దారాన్ని వదిలి బెత్తెడు పక్కకు పోయింది. ఇన్నాళ్ళూ తిరిగింది భుజం కాదు, నడుము.

నూలుపోగంత తేడాకు కట్టిన గోడలు కూల్పించిన మనిషి, ఆ గుండు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మూడో రోజు నుంచి. మీ సంబరం చూసి నోరు రాలేదండీ."

తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేసి, గుండీ కదలకుండా మళ్ళీ మొదలుపెట్టాడు.

అయిదో నెలకు చెయ్యి ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆగిపోయింది. భుజం ఎత్తు దాటిన పని, బరువు పని ఇక వద్దన్నాడు డాక్టరు. తన కోసం చూడవద్దని తోటివారికి ఆయనే స్వయంగా చెప్పివచ్చాడు.

ఆ మధ్యాహ్నం గుండు వేలాడిన మేకు పీకాడు. దానితోపాటు అరచేయంత పెచ్చు ఊడింది. చంకలో తువ్వాలు పెట్టుకుని, గుప్పెడు సిమెంటు కలిపి, అక్కడ పూసి నునుపు చేశాడు. గంట పట్టింది. తువ్వాలు జారలేదు. భార్య వచ్చి అతుకు మీద వేలు ఆనించి చూసింది.

ఆయన తాపీ కడిగి, పనిసంచిలో కాకుండా, చేతికందేలా కిటికీలో పెట్టాడు.