ఔటర్‌లో ఓడ, నా వ్యాసంలో ఆఫ్రికా

కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి పోబోతుంటే మా అమ్మ చొక్కా పట్టుకుని కిందికి లాగేది. అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, ఆఫ్రికా దేశాల మీద పరిశోధన చేసుకుంటూ సగం జీవితం గడిచిపోయినా ఆ గుణం పోలేదు. రాస్తున్నంతసేపూ గదిలో తిరుగుతూనే ఉంటాను. అయినా ఆ ఆదివారం నుంచి గురువారం దాకా నేను తిరిగిన తిరుగుడు వేరు. నన్ను చూసినవాళ్ళకి వీడికేదో అయిందనిపించి ఉంటుంది. నిజంగానే అయింది.

ఆ ఆదివారం సబ్బవరంలో మా అక్కావాళ్ళింట్లో భోజనం. బావ ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తా. ఓడ వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా దాని కాయితాలన్నీ అతని చేతిమీదుగా నడుస్తాయి. ఆదివారం కూడా ఫోను మోగుతూనే ఉంటుంది. చేపల పులుసు కలుపుకుంటూనే ఎవరి మీదో కేకలేసి, ఫోను పక్కన పడేశాడు.

"వారమైపోనాది బావ, మాంగనీసు ఓడొకటి ఔటర్‌లో లంగరేసుకుని కూకున్నాది. సరుకు కొన్నోడి కాయితాలు రాలేదు. కెప్టెన్ నా పేణాలు తోడేత్తన్నాడు."

ఔటర్ అంటే రేవు బయట, ఓడలు వంతు కోసం ఆగే సముద్రం. నేను ఊరికే ఆటపట్టించాను. "ఇంకేం, మన పోర్టులో ఓడ వారం ఆగిందని రేవు లెక్కల్లో రాసేస్తారు. పరువు తీశావు బావా."

బావ ముద్ద నోటి దగ్గర ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎందుకు రాత్తారు? రేవులో ఓడ నిలిపే బెర్త్ కాళీ లేక ఆగితే పోర్టు వల్ల ఆగిందని రాత్తారు. కాయితాల్లేక ఆగితే పోర్టేటి సేత్తాది? దానికి వేరే గడుంటాది. అంత సదువు సదివీసి ఆ గడి సూడలేదేటి?"

"చూశాను" అన్నాను. పచ్చి అబద్ధం. మజ్జిగ కూడా తాగకుండా లేచిపోయాను. "ఓలమ్మ, పులుసు బాగోలేదేట్రా?" అని అక్క వెనకాల అరుస్తూనే ఉంది.

ఎందుకంత కంగారో చెప్పాలి. నాకు పేరు తెచ్చిన వ్యాసం ఒకటుంది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక రేవునీ, మన విశాఖ రేవునీ పక్కపక్కన పెట్టి రాసింది. అక్కడ ఓడలు ఎన్నో రోజులు ఆగిపోతున్నాయి, ఇక్కడ అంత ఆగడం లేదు. కారణం అక్కడి పాలన కుళ్ళిపోవడం, నాయకుల బంధుప్రీతి, కూలీల సంఘాల పెత్తనం అని తేల్చిపారేశాను. ఎంత ధీమాగా రాశానో! మనమూ తెల్లవాడి కింద నలిగినవాళ్ళమే కాబట్టి, ఆఫ్రికా గురించి మనం మాట్లాడితే అందులో సోదర ప్రేమే తప్ప పొగరుండదని నా నమ్మకం. ఆ దేశపు మంత్రులు నా వ్యాసాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఆ రేవున్న ఊరివాడే నా దగ్గర పీహెచ్‌డీ చేశాడు. గోపాలపట్నంలో మా ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాడు. తెలుగు నేను నేర్పలేదు, కూరల బజారులో నేర్చుకున్నాడు. అందుకే ఇప్పటికీ "నాను" అంటాడు, "ఏటి సార్" అంటాడు. వాళ్ళ నాన్న ఆ రేవులో జీడిపిక్కల బస్తాలు మోసే కళాసీ. నాన్న తర్వాత అన్న అదే పనిలో ఉన్నాడు. నేను ఆ రేవు చూడ్డానికి వెళ్ళిన ఒకే ఒక్క వారంలో నన్ను వెంటేసుకుని తిప్పింది ఆ అన్నే. నేను ఆఫీసులో కాయితాలు తీసుకుని, వాళ్ళింట్లో చేపలు తిని, విమానం ఎక్కేశాను.

ఇప్పుడు ఆ ప్రభుత్వం రేవు మొత్తాన్ని బయటి కంపెనీకి కొన్ని తరాల పాటు అప్పగించబోతోంది. అప్పగిస్తే మొదట పోయేది బస్తాలు మోసేవాళ్ళ పని. గురువారం పార్లమెంటు కమిటీలో ఓటింగు. వాళ్ళ ముందున్న పెద్ద ఆధారం నా వ్యాసమే. నా శిష్యుడు అక్కడ లెక్చరరు, అప్పగించొద్దని వాదించేవాళ్ళలో ఒకడు. నెల కిందట నాకు మర్యాదగా ఉత్తరం రాశాడు, ఆ వ్యాసం గురించి మీరు కొత్తగా చెప్పాల్సిందేమైనా ఉందా సార్ అని. ఏమీ లేదు, నీ వాదన నువ్వు ధైర్యంగా చెయ్యి, అని జవాబిచ్చాను. గురువంటే ఇలా ఉండాలి అనుకుని మురిసిపోయాను కూడా.

ఇంటికొచ్చి పాత కాయితాలు కిందికి దించాను. బావ చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఆఫ్రికా రేవువాళ్ళకి ఒకటే గడి. ఓడ లంగరేసిన దగ్గర్నుంచి రేవులోకి వచ్చేదాకా ఆగిన కాలమంతా, కారణం ఏదైనా సరే, అందులో రాసుకున్నారు. మనవాళ్ళు కారణాన్ని బట్టి విడగొట్టి రాశారు, ఏది ఎందుకో అడుగున వివరంగా చెప్పారు కూడా. ఎవరి పద్ధతీ తప్పు కాదు. వాళ్ళ మొత్తాన్ని తెచ్చి మన ముక్క పక్కన పెట్టిన మొనగాణ్ణి నేను. అడుగున ఉన్న చిన్నక్షరాలు చదవకుండా సంతకం పెట్టొద్దని పిల్లలకి చెప్పే పెద్దమనిషిని.

సోమవారం సాయంత్రం ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ క్లాసు. ఆఫ్రికా రాజకీయాలు, అభివృద్ధి అనే పాఠం. ప్రతి బ్యాచ్‌కీ ఆ రేవు కథ చెప్తాను, ఆరోజూ అలవాటుగా నోరు తిరిగిపోయింది. ముందు బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఓడలు ఆగితే ప్రభుత్వం పాడైపోయినట్టేనా? మన బీచిలోంచి చూస్తే రోజూ వరసగా ఆగే కనబడతాయి కదా."

క్లాసంతా నవ్వింది. ఏం చెప్పానో గుర్తులేదు, గంట కొట్టకముందే బయటపడ్డాను. ఆటో ఎక్కకుండా బీచి దాకా నడుచుకుంటూ పోయాను. ఉన్నాయి, వరసగా. చిన్నప్పుడు ఉడకబెట్టిన పల్లీలు తింటూ ఇక్కడే కూర్చుని ఆ ఓడల్ని చూసేవాణ్ణి. నాకవి అందం. మా ఊరి గొప్ప. అచ్చం అలాంటి ఓడలే ఆ ఆఫ్రికా ఊరి ముందు నిలబడి ఉంటే "వ్యవస్థ కుప్పకూలింది" అని నోటుబుక్కులో రాసుకున్నాను. గోపాలపట్నంలో బస్సు ఆలస్యమైతే రోడ్డు పని జరుగుతోంది అనుకుంటాం. వాళ్ళ ఊళ్ళో లారీ ఆలస్యమైతే ఆ దేశానికి రాజకీయ సంకల్పం లేదంటాం. మా పరిశోధనల్లో సగం ఈ బాపతే. నా మీద నాకే అసహ్యం వేసింది.

అయినా వెంటనే రాశానా? లేదు. ఆ వ్యాసం మొదటి అధ్యాయంగా నా పుస్తకం అచ్చుకి వెళ్ళి ఉంది. తప్పు ఒప్పుకుంటే పుస్తకం ఆగిపోతుంది, పిలిచేవాళ్ళు పిలవరు, ఇన్నేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. మంగళవారం అంతా గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగాను. తేడా చిన్నదేమో, ముగింపు మారదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. మళ్ళీ కూడి చూశాను. తేడా చిన్నది కాదు. రెండు రేవులూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి.

అక్కకి ఫోన్ చేశాను. శిష్యుడి ఉత్తరం, కళాసీల సంగతి, ఓటింగు సంగతి, అంతా చెప్పాను.

"తప్పు రాసింది నువ్వేగా? నువ్వే కొట్టీ" అంది.

"నీకు తెలీదక్కా, అంత తేలిక కాదు."

"ఏటి తెలీదు? ఆడు మనింట్లో తిన్నోడు. ఆడి అన్న పని పోతాదని తెలిసీ అలగ కూకున్నావేట్రా? సిగ్గు లేదూ?"

ఉంది. చెంప మీద కొట్టినంత సిగ్గేసింది. బుధవారం పొద్దున్నే కూర్చుని, అవును, కూర్చునే, ఆ కమిటీకి ఉత్తరం రాశాను. నా పోలిక తప్పు, దాని మీద నిలబెట్టిన ముగింపు తప్పు, ఈ వ్యాసాన్ని పక్కన పెట్టండి. అంతే. నకలు శిష్యుడికి పంపాను. పుస్తకం ఆపమని అచ్చువాళ్ళకి చెప్పాను. వాళ్ళు తిట్టిన తిట్లు పడ్డాను.

గురువారం సాయంత్రం శిష్యుడి ఫోన్ వచ్చింది.

"సదివీసేరు సార్. ఓటింగు ఆపీసేరు."

హమ్మయ్య అనుకున్నాను. అవతల వాడు మాత్రం గంతులెయ్యడం లేదు. ఏంట్రా అలా ఉన్నావని అడిగాను.

"ఏటీ లేదు సార్. రెండేళ్ళ కిందట నానూ ఇదే సెప్పాను. ఇదే గడి, ఇదే తప్పు. రాసి ఈ కమిటీకే ఇచ్చాను. గురువుకంటే నీకెక్కువ తెలుసా అన్నారు. కళాసీ కొడుకు కళాసీల కోసం సెప్తన్నాడన్నారు."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు తప్పు రాసేరని మీకే ఎలగ సెప్పమంటారు? అందుకే కదా, కొత్తగా సెప్పాల్సిందేటైనా ఉందా అనడిగాను."

కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. వాడికి వినపడకూడదని ఫోను దూరంగా పెట్టుకున్నాను. వాడే మళ్ళీ మాట్లాడాడు. మొత్తం మళ్ళీ కొత్తగా లెక్కకట్టించాలని కమిటీ తీర్మానించిందట. నువ్వే చెయ్యరా, నీకంటే తెలిసినవాడెవడున్నాడు, అన్నాను.

"ఊరోడు వొద్దంట సార్. బయటోడు కావాలంట. ఇంత నిజాయితీపరుడు దొరకడని మిమ్మల్నే పిలుత్తన్నారు."

"బుద్ధుందా వాళ్ళకి? నేను రాను!" గోపాలపట్నం సంతలో అరిచినట్టు అరిచాను.

"రండి సార్. లేపోతే ఇంకెవడో వత్తాడు. లెక్కలన్నీ నాను తీసి పెడతాను."

నిజమే. ఇంకెవడో వస్తాడు, వారం ఉంటాడు, చేపలు తిని వెళ్ళిపోతాడు.

"సరే, వస్తాను. కానీ నీ పేరు ముందు, నా పేరు వెనక" అన్నాను.

"అలగైతే సదవరు సార్" అన్నాడు.