ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది

ఆ సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు, హెబ్బాళ ఫ్లైఓవర్‌కు కిలోమీటరు ఇవతల ఆగిపోయిన ఆఫీసు కారులో ఉన్నవాళ్లు, ఉన్నవి: ముందు సీట్లో డ్రైవరు. వెనక కుడివైపు మేడమ్, ఎడమవైపు నేను. మా మధ్య నా ల్యాప్‌టాప్ సంచి, ఆమె రెండు గిన్నెల క్యారియరు, ఒక తడి గొడుగు, ఆమె చేత్తో రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కు ఒకటి. కారుకు ఎడమ పక్కన సిమెంటు కలిపే లారీ, కుడి పక్కన సిటీ బస్సు, ముందు ఒక స్కూలు వ్యాను. వెనక ఏముందో వానకు కనపడలేదు. నా వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. పిల్లల కోసం పెట్టే తాళం ఎప్పుడో పడి అలాగే ఉండిపోయిందని ఎక్కేటప్పుడే డ్రైవరు చెప్పాడు.

ఇవి కాక, ఆరు గంటల లోపు వెళ్లాల్సిన మెయిలు ఒకటి. అది ఇంకా రాయలేదు.

మేడమ్ ముప్పై ఏళ్లు ప్రభుత్వ హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. యలహంక పాత ఊళ్లో వాళ్లది నాలుగు తరాల కాపురం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో రెండూ. నేను కూడా యలహంకలోనే అద్దెకు ఉంటాను కాబట్టి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆఫీసు నుంచి మా ఇద్దరికీ ఒకటే కారు. మాది బడిపిల్లలకు ఫోన్లో పాఠాలు చెప్పే కంపెనీ. ఆమె పాఠాలు రాస్తారు. ఆ పాఠాలు నింపే ఫారం నేను తయారు చేశాను.

గొడవ వచ్చిన పాఠం మధ్యయుగాల ఆసియాకూ యూరప్‌కూ పోలిక. సమాజం, నమ్మకాలు, వ్యాపారం అని మూడు భాగాలు. ప్రతి వరుసకూ రెండు గడులు: ఎడమ గడి ఆసియా, కుడి గడి యూరప్. వ్యాపారం భాగంలో ఒక వరుస పేరు 'పగిలిన ఓడల సరుకు'. పిల్లల ఫోన్లలోకి వెళ్లింది ఇది. ఆసియా: తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా అక్కడి రాజు లాక్కునేవాడు. యూరప్: అలాంటి సరుకు యజమానికే చెందుతుందని శాసనాలు చేశారు.

ఒక పిల్లవాడి తండ్రి దాన్ని చదివి, ఆసియా వాళ్లంతా దొంగలు, యూరప్ వాళ్లంతా పెద్దమనుషులు అని మీరు నేర్పుతున్నారా అని నాలుగు పేజీలు రాశాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. ఉదయం పదకొండింటికి అద్దాల గదిలో మీటింగు పెట్టారు. మేడమ్ కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. తప్పు ఎలా జరిగిందో ఆరు గంటల లోపు రాసి పంపితే, దాన్ని బట్టి కొనసాగించాలో వద్దో చూస్తామని మేనేజరు అన్నాడు. "నేనే ఎక్కడో పొరబడ్డాను" అని మేడమ్ అన్నారు. నేను ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. ఏమీ అనలేదు.

అనాల్సింది ఒకటి ఉంది. రెండు గడుల్లోనూ డెబ్భై శాతానికి మించి ఒకే మాటలుంటే నా ఫారం ఆ వరుసను తీసుకోదు. గడుల చుట్టూ ఎర్ర గీత వస్తుంది. అంతకుముందు రాసేవాళ్లు ఎడమ గడిలోది కుడి గడిలోకి కాపీ చేసి మార్చడం మర్చిపోయేవాళ్లు, అందుకని పెట్టాను. ఆ ఏడాది నేను చేసిన మంచి పనుల జాబితాలో అది రెండోది. మీటింగులో ఆ వరుసను తెర మీద చూపించిన క్షణంలోనే ఇది ఆ గీత పనేనని నాకు అనుమానం వచ్చింది. నాకూ తలుపుకూ మధ్య ఆరుగురు కూర్చుని ఉన్నారు. నీళ్లు తాగాను.

కారు కదలలేదు. మేడమ్ నోట్‌బుక్కు తెరిచారు.

"ఫోన్లో నా వేళ్లకి అక్షరాలు చిక్కవప్పా. నీ పెట్టె తెరువు. నేను చెప్తా, నువ్వు కొట్టు. ఇంగ్లీషు కొంచెం సర్దు."

తెరిచాను. ఆమె చెప్పడం మొదలుపెట్టారు. నా అజాగ్రత్త వల్ల. నా వయసు రీత్యా. ఇకపై రెండుసార్లు సరిచూసుకుంటాను. నేను టైపు చేశాను. మూడు వాక్యాలు పూర్తయ్యేసరికి అయిదు గంటల మూడు నిమిషాలు. బస్సు కిటికీలోంచి ఒకామె నా తెర వైపు చూస్తోంది. అద్దం దించాలన్నా వాన. తలుపు ఎలాగూ రాదు.

"వయసు సంగతి వద్దు మేడమ్" అన్నాను.

"ఉండనీ. వయసైనోళ్లంటే కొంచెం జాలి పడతారు." నవ్వి, నోట్‌బుక్కు నా వైపు తిప్పారు. "కానీ చూడప్పా, నేను సరిగ్గానే రాసుకోనుండాను. యాడ తప్పిపోయింది?"

ఆ పేజీలో ఆమె చేతిరాతలో రెండు గడులూ ఉన్నాయి. ఎడమ గడిలో: తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా అక్కడి రాజు లాక్కునేవాడు. తర్వాత మోటుపల్లి రేవులో ఒక రాజు, సుంకం పోగా అలాంటి సరుకు యజమానికే చెందుతుందని అభయ శాసనం చేశాడు. కుడి గడిలో: తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా అక్కడి రాజు లాక్కునేవాడు. తర్వాత కొన్ని రేవుల్లో అలాంటి సరుకు యజమానికే చెందుతుందని శాసనాలు చేశారు. రెండు చోట్లా ముందు దోపిడి, తర్వాత అభయం. ఇంచుమించు ఒకే మాటలు.

"ఫారంలో నింపేటప్పుడు ఎర్రగీత వచ్చింది" అన్నారు. "సరే, ఏదో ఎక్కువ రాసినానని ఎడమ దాంట్లో కింది ముక్క తీసేసినా, కుడి దాంట్లో పై ముక్క తీసేసినా. గీత పోయింది."

"గీత ఎందుకు వచ్చిందని ఎవరినీ అడగలేదా?"

"ముప్పై ఏండ్లు పిల్లోళ్ల పేపర్ల మీద నేను గీసినానప్పా ఎర్రగీత. అది వచ్చిందంటే జవాబు తప్పని అర్థం. యాల వచ్చిందని ఏ పిల్లోడైనా నన్ను అడిగినాడా?"

నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. సిమెంటు లారీ డ్రమ్ము మా పక్కన తిరుగుతూనే ఉంది.

అప్పటిదాకా అద్దంలో మమ్మల్ని చూస్తున్న డ్రైవరు కల్పించుకున్నాడు. అతనిది అత్తిబెలె దగ్గర ఊరు, ఇంతకుముందు లారీ తోలేవాడు. "మేడమ్, ఓడలు నాకు తెలీవు గానీ లారీ తెలుసు. అత్తిబెలె చెక్‌పోస్టు ఇవతల నాది పల్టీ కొట్టింది. కోలారు టమాటాలు. నేను అద్దంలోంచి బయటపడి రోడ్డు మీద కూర్చోనుండా. ఊరంతా వచ్చేసింది. బకెట్లు, గోతాలు. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చినాడు. నీళ్లిస్తాడనుకొన్యా. అన్నా, కొంచెం పక్కకి జరుగు, నీ కింద రెండుండాయి అన్నాడు."

మేడమ్ పకపకా నవ్వారు. "జరిగినావా?"

"జరిగినా మేడమ్. అవి నలగకుండా బాగుండాయి, యాల చెడగొట్టేది?"

"పాపం, దొంగ నాయాళ్లు."

"అట్ల తిట్టొద్దు మేడమ్. మరుసటేడు మా ఊరి మలుపులో ఉల్లిగడ్డల లారీ పడింది. మా ఇంట్లో రెండు నెల్లు ఉల్లిగడ్డ కొనలే."

ఆమె ఇంకా నవ్వుతూనే నా వైపు తిరిగారు. "చూస్తివా? ఈయప్ప రెండు గడుల్లోనూ ఉండాడు. నీ ఫారంలో ఈయప్పని యాడ పెడతావు?"

ఎక్కడా పెట్టలేను. ఎర్రగీత వస్తుంది. అదే మాట పైకి అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. డెబ్భై శాతం సంగతి చెప్పాను, ఎందుకు పెట్టానో చెప్పాను, ఉదయమే నాకు అనుమానం వచ్చిందని చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆమె మొహం చూడలేదు. తెర మీద 'నా అజాగ్రత్త వల్ల' అన్న చోటే చూశాను. నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు. డ్రైవరు అద్దంలోంచి కళ్లు తిప్పుకుని ముందున్న వ్యానును చూడసాగాడు.

"అంటే గీత గీసింది నువ్వు."

"అవును మేడమ్."

"జవాబు తప్పై కాదు. రెండు పక్కలా ఒకటే అయ్యిందానికి."

"అవును."

"పొద్దున నా పక్కనే కూర్చోనుంటివి కదప్పా."

ఆమె క్యారియరు మూత తీసి, చూసి, మళ్లీ పెట్టారు. దిగి నడిచి వెళ్లిపోవడానికి తలుపు ఆమె వైపు ఉంది. ఆమె దిగలేదు. బడిలో అడిగినట్టే అడిగారు:

"ఇట్లాంటివి ఇంకా ఎన్ని ఉండాయి?"

"తెలియదు మేడమ్."

"లెక్క పెట్టు."

ఫోన్ నుంచి నెట్ కలిపాను. ఫారం ప్రతి ఎర్రగీతనూ రాసిపెట్టుకుంటుంది: గీత రాకముందు గడుల్లో ఉన్నది, వచ్చాక మార్చినది. అదీ నేనే పెట్టాను, ఎవరూ ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఆమె పేరు మీద ఉన్నవి వరసగా తీశాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని పక్క నుంచి చదివారు. వర్తక సంఘాల వరుసలో, రెండు గడుల్లోనూ సంఘాలు దేవుడికి దానాలు ఇచ్చేవని, తూకాలు తనిఖీ చేసేవని ఆమె రాశారు. గీత వచ్చాక ఆసియాకు దానాలు మిగిలాయి, యూరప్‌కు తూకాలు మిగిలాయి. తుపానులో చిక్కిన నావికుల వరుసలో, రెండు చోట్లా తెరచాప దించి, ఒడ్డుకు చేరితే కానుక ఇస్తామని మొక్కుకునేవారు. గీత వచ్చాక ఆసియా వాళ్లు మొక్కుకున్నారు, యూరప్ వాళ్లు తెరచాప దించారు.

"అయ్యో" అన్నారు ఆమె, ప్రతి దానికీ కాదు, మూడు నాలుగింటికి.

అయిదు గంటల నలభై ఒకటికి కారు రెండు బారలు ముందుకు కదిలి మళ్లీ ఆగింది. నేను ఆమె చెప్పిన మూడు వాక్యాలూ చెరిపేశాను. నా పేరు మీద కొత్త మెయిలు తెరిచి, నియమం ఏమిటో, ఎవరు పెట్టారో, ఉదయం నేను ఎందుకు చెప్పలేదో రాశాను. చివరిది ఎలా రాయాలో తెలియక 'భయపడ్డాను' అని రాశాను. ఆమె చదివి, వద్దు అనలేదు. "లెక్క కూడా రాయి. లెక్క లేకపోతే నమ్మరు" అన్నారు.

అయిదు యాభై ఆరుకు పంపాను. అందులో చివరి పంక్తి: ఈ పాఠంలో మొత్తం వరుసలు నూట నలభై నాలుగు, రెండు గడులూ ఒకేలా ఉన్నందుకు మార్పించినవి అరవై ఏడు.