రేడియేటరు సారు అనుమానాలు

వేంకటరమణ సారుకు అనుమానాల జబ్బు. మనుషుల మీద కాదు, మోటారు సైకిలు మీద. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, అందులో ఇంజనును చల్లబరిచే నీళ్ల మీద. గోదావరిఖనిలో బొగ్గు గురించి, బోనస్ గురించి, ఎండ గురించి మాట్లాడేవాళ్లు వేలమంది ఉన్నారు. ఆదివారం పూట మూడు గంటలు రేడియేటరు గురించి మాట్లాడే మనిషి మాత్రం ఆయనొక్కరే. ఆ మూడు గంటలూ వినే మనిషిని నేనొక్కణ్ణే.

"ఉపేందర్ గారూ, నాకొక చిన్న అనుమానం," అంటూ వచ్చేవారు. చిన్నది అంటే మధ్యాహ్నం భోజనాల దాకా అని అర్థం. ఇరవై రెండేళ్లుగా మెకానిక్ పని చేస్తున్నా నన్ను 'గారు' అన్న మొదటి మనిషి ఆయనే కాబట్టి భరించాను.

పక్కనే టీకొట్టు నడిపే సారక్క మొదట్లో వేరేగా అర్థం చేసుకుంది.

"పాపం, సారుకు పెండ్లాం మీద అనుమానమా?" అని నన్ను చాటుగా అడిగింది.

"పెండ్లాం లేదక్కా. నాలుగేండ్ల కింద చనిపోయిందట."

"మరి ఎవరి మీద?"

"థర్మోస్టాట్ మీద."

ఆ పేరుగల ఆడమనిషి ఎవరో ఉందనుకుని సారక్క నెలరోజుల పాటు ఆయన టీలో చక్కెర తగ్గించింది.

నా షెడ్డు మూతపడిన గనికి పోయే దారిలో ఉంది. గని నడిచినన్నాళ్లు షిఫ్టు దిగినవాళ్ల బండ్లతో ఊపిరాడేది కాదు. గని మూసేశాక ఆ దారిన దుమ్ము తప్ప ఎవరూ రాలేదు. ఊళ్లోకి వచ్చే కొత్త బండ్లకేమో ముందు రేడియేటరు, లోపల నీళ్ల పంపు. అవన్నీ షోరూముకే పోయేవి. కార్బొరేటర్లు విప్పి విప్పి నల్లబడిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. సైకిలు పంచరు వచ్చినా లేచి నిలబడి స్వాగతం చెప్పేవాణ్ణి.

అలాంటి రోజుల్లో, రెండేళ్ల కిందట ఒక ఏప్రిల్ ఉదయం సారు వచ్చారు. అరవై మూడేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, చేతులకు తోలు గ్లౌజులు. కింద మాత్రం కాలేజీ పిల్లలు కలలుగనే పెద్ద బండి.

షెడ్డు బోర్డు మీద నా పేరు చదివి, "ఉపేందర్ గారూ, డబ్బాల నీళ్లు తగ్గినయి. చూస్తరా?"

అలాంటి బండిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. తెలియదని ఒప్పుకుంటే ఉన్న పరువూ పోతుంది. వెతికి వెతికి పక్కన ఉన్న డబ్బా మూత తీసి, పంచర్లు చూసే బకెట్లోంచి ఒక మగ్గు నీళ్లు పోశాను. పాయసంలో కిరసనాయిలు పోస్తుంటే చూసినట్టు చూశారాయన.

"ఉపేందర్ గారూ, అవి బోరు నీళ్లు గదా. వాటిల సున్నం..."

"సార్, స్పానర్ నా చేతిల ఉన్నదా, మీ చేతిల ఉన్నదా?"

ఆయన స్పానర్‌ను జాగ్రత్తగా పరిశీలించారు. "మీ చేతిలనే ఉన్నది," అని ఒప్పుకుని, బండి తోసుకుంటూ వెళ్లిపోయారు. ఆ నీళ్లు ఇంజనులో తిరగకూడదని కిలోమీటరున్నర ఎండలో తోసుకుపోయారని నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

మరుసటి ఆదివారం మళ్లీ వచ్చారు. ఈసారి చంకలో బండితో పాటు ఇచ్చే పుస్తకం.

"నాకు ఈ ఇంగ్లీషు చదవొస్తది గని యంత్రం సంగతి తలకెక్కదు. మీరు పని తెలిసినోళ్లు. నేను చదివి తెలుగుల చెప్త, మీరు నాకు అర్థం చెప్పుండ్రి."

అలా మొదలైంది. ఆయన ఒక వాక్యం చదివి తెలుగులో చెప్పేవారు. "అంటే ఏందన్నట్టు?" అనేవారు. ఆయన చెప్పిందే నేను కాస్త తిప్పి చెప్పేవాణ్ణి. "అబ్బ! ఇప్పుడు సమజైంది," అనేవారు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

"ఇంజను చల్లగ ఉన్నప్పుడు ఈ థర్మోస్టాట్ నీళ్లను రేడియేటరు దిక్కు పోనియ్యదట. ఇదేం న్యాయం, ఉపేందర్ గారూ?"

బండి ముందు గొంతుక్కూర్చుని ఆలోచించాను. "పొయ్యి రాజుకోక ముందే నీళ్లు చల్లుతమా సార్? ముందు ఇంజను కొంచెం వేడెక్కాలె. అటెన్క తలుపు తీస్తది."

ఆ మాట ఆయన నోటుబుక్కులో రాసుకున్నారు. నా మాటను ఒకరు రాసుకోవడం! ఆ రోజు ఇంటికి పోయి మా ఆవిడకు మూడుసార్లు చెప్పాను.

ఇంకో అనుమానం. "ఇంజనును చల్లబరిచే ఈ కూలెంట్ మందుల డిస్టిల్డ్ వాటరే కలపాలెనట. మామూలు నీళ్లకు ఏం రోగం?" ఇది మూడు ఆదివారాలు నడిచింది. మూడో ఆదివారం సారక్క టీకి నీళ్లు కాచే గిన్నె అడుగు గోకుతూ కనిపించింది. లోపలంతా తెల్లటి పెచ్చు.

"సార్! గా సున్నం రేడియేటరు సన్న గొట్టాలల్ల పడితే దారి బందైతది!"

అన్నాక నా చూపు మూలనున్న పంచరు బకెట్ మీద పడింది. నా ముఖం చూడకుండా ఆయన ఆకాశంలోకి చూస్తూ, "ఈసారి ఎండలు జాస్తి ఉన్నయి," అన్నారు.

ఒకసారి అడిగాను. "ఈ వయసుల ఈ బండి ఎందుకు సార్?"

"సుభద్ర పోయినంక ఇంట్ల మాట లేదు, ఉపేందర్ గారూ. పొద్దుగాల లేస్తే ఎవర్నన్న 'బాగున్నవా' అని అడగాలె గదా. రోజూ కూలెంట్ గీత కాడికి ఉన్నదా లేదా చూడుమని పుస్తకంల రాసిండ్రు. దీన్ని అడుగుతున్న."

"ఏం నౌకరి చేసిండ్రు?"

"జ్యోతినగర్‌ల, కరెంటు ప్లాంటుల. నీళ్లు చూసుకునేటోణ్ణి."

కాలనీ ట్యాంకులు నింపే పని కాబోలనుకున్నాను. ఆయన కాదనలేదు.

మరుసటి మే నెలలో భూపాల్ అనే కార్మికుడు ఇంకో గనిలో మొదటి షిఫ్టు దిగి, అడ్డదారిన వస్తూ నా షెడ్డు ముందు ఆగాడు. బండి ముందునుంచి ఆవిరి లేస్తోంది. దిగీదిగగానే గుడ్డ చుట్టుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వేశాడు. నేను ఎగిరి అతని మణికట్టు పట్టుకున్నాను.

"ఆగు తమ్మీ! అది ప్రెషర్ కుక్కర్ లెక్క. ఇప్పుడు తీస్తే మొఖం మీదికి కొడ్తది!"

"జల్ది పోవాలన్నా!"

"జల్దీ అయితే దవాఖానకే పోతవు. కూసో."

ముప్పావుగంట కూర్చోబెట్టాను. బండి చల్లారాక చూస్తే ఫ్యాను తిరగడం లేదు, ఫ్యూజు పోయింది. రేడియేటరు రేకుల మధ్య బొగ్గుదుమ్ము గట్టిగా పట్టేసింది. రేకులు వంగకుండా, వెనకనుంచి సన్నటి ధారతో కడిగాను. ఫ్యూజు మార్చి, కూలెంట్ నింపి, లోపలి గాలి తీసేశాను. బండి ఊళ్లో రెండు చక్కర్లు కొట్టినా చల్లగా ఉంది. తన ముఖానికి ప్రమాదం ఎంతలో తప్పిందో భూపాల్ షిఫ్టు మొత్తానికి చెప్పాడు. వారంలో నా షెడ్డు ముందు వరుస కట్టారు.

సారు వచ్చేవారు. నేను నలుగురికి థర్మోస్టాట్ గురించి ఉపన్యాసం ఇస్తుంటే మూలన కూర్చుని వినేవారు. ఒక ఆదివారం పుస్తకం చివరి పేజీ తిప్పి, మూసేసి, "ఇగ అనుమానాలు లేవు, ఉపేందర్ గారూ," అన్నారు. పని చేతిలో ఉండి నేను తలెత్తలేదు.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. షెడ్డు నిండా జనం ఉన్నా, అడిగేవాళ్లంతా "ఎప్పుడు ఇస్తవ్?" అనేవాళ్లే. "ఎందుకు?" అని అడిగే మనిషి లేడు. సారక్క రెండు వారాలూ ఒక టీ ఎక్కువ పోసి, తానే తాగింది.

మూడో ఆదివారం జ్యోతినగర్ నుంచి రాజకుమారి అనే ఇంజనీరమ్మ రేడియేటరున్న కొత్త స్కూటరు మీద వచ్చింది.

"వేంకటరమణ సార్ పంపిండ్రన్నా. రేడియేటరు పని అంటే గోదావరిఖనిల ఉపేందర్ గారే అన్నరు."

"ఆయన నా దగ్గరనే నేర్చుకున్నరు మేడమ్," అన్నాను వినయంగా. "పాపం, ఏం తెల్వకుండె. అన్నీ అనుమానాలే."

ఆమె హెల్మెట్ తియ్యడం ఆపేసింది. "సార్‌కు అనుమానాలా? ముప్పై ఏండ్లు మా ప్లాంటుల కూలింగ్ నీళ్ల కెమిస్టు ఆయనే! సున్నం, తుప్పు, ఏదున్నా మాకు అనుమానమొస్తే మేం ఆయన దగ్గరికి ఉరికేటోళ్లం."

నా చేతిలోంచి స్పానర్ జారి కాలి మీద పడింది. నొప్పి తర్వాత తెలిసింది. ముందు సిగ్గేసింది. తర్వాత కోపమొచ్చింది. ఏడాదికి పైగా ప్రతి ఆదివారం నాకు ఎదురుగా కూర్చుని ఏమీ తెలియనట్టు నటించాడా ఈ మనిషి! ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆమె స్కూటరు పని ముగించి, షెడ్డు మూసి, ఆయన అద్దెకుండే ఇంటికి పోయాను.

ఇంటి ఓనరు పోశవ్వ వాకిట్లో ఉంది. "ఆదివారమైతే పొద్దుగాల్నే పోతడు బిడ్డా. గోదావరి దాటి శ్రీరాంపూర్ పోతడు. ఆడ ఆగయ్య అని మెకానిక్ ఉన్నడట."

ఇంకో మెకానిక్! గోదావరి వంతెన మీద నేనంత వేగంగా ఎప్పుడూ పోలేదు.

శ్రీరాంపూర్‌లో రోడ్డు పక్కన నా షెడ్డుకు అన్నలాంటి పాత షెడ్డు. ముందు ఒక్క బండీ లేదు, సారుది తప్ప. ఆగయ్యకు అరవై ఏళ్లుంటాయి. కాలు మీద కాలేసుకుని చెబుతున్నాడు. సారు బోర్లించిన డబ్బా మీద కూర్చుని నోరు తెరిచి వింటున్నారు.

"ఆగయ్య గారూ, అయితే నీళ్ల పంపు ఎందుకున్నట్టు?"

"చెప్త ఆగుండ్రి సార్, తొందరేంది?" అన్నాడు ఆగయ్య, ఏం చెప్పాలో వెతుక్కుంటూ. అప్పుడే నన్ను చూశాడు. "ఎవలు?"

సారు ముఖంలో రంగు పోయింది. నా నోట్లోంచి ఒక్క మాట వస్తే చాలు, ఆగయ్య పరువు రోడ్డున పడుతుంది.

"నేను సారు తమ్మున్ని," అన్నాను. "నాకు సుత ఏం తెల్వదు. ఇనిపోదామని వచ్చిన."

ఆగయ్య వెన్ను నిటారైంది. ఒకేసారి ఇద్దరు శిష్యులు! టీ తెస్తానని హుషారుగా లేచి పోయాడు.

"నా దగ్గరికి ఎందుకు వస్తలేరు సార్?" అన్నాను మెల్లగా.

"మీకు అన్నీ వచ్చినయి గదా. ఇగ ఏం చెప్పి రావాలె?"

"ఊకెనే రావొచ్చు గద!"

"ఊకెనే రావొచ్చని నిజంగ నాకు తెల్వదు, ఉపేందర్ గారూ," అన్నారు. అన్ని ఆదివారాల్లో ఆయన అబద్ధం కలపకుండా చెప్పిన అజ్ఞానం అదొక్కటే.

ఆగయ్య మూడు గ్లాసులతో వచ్చాడు. "యాడిదాక చెప్పిన?"

నేను ఇంకో డబ్బా బోర్లించి సారు పక్కన కూర్చున్నాను.

"మొదటికెళ్లి చెప్పు కాకా," అన్నాను. "మా అన్నకు జల్ది సమజ్ కాదు."