రెండు ట్యూబులూ ఒకేసారి పంచర్

నిన్న నా తెలివి నన్నెక్కడికి తీసుకెళ్లిందో వినండి. గుంటూరులో నడిరోడ్డు మీద, పంచర్లేసే మెకానిక్ ముందు నిలబెట్టింది. అదీ కడుపు పట్టుకుని!

పెళ్లయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. డాక్టరమ్మ ఇద్దరికీ చెరో టెస్టు రాసింది. నాది ట్యూబుల టెస్టు. సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి మందు పంపి, అటూ ఇటూ ఉన్న ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా, మూసుకుపోయాయా అని ఎక్స్‌రేలో చూస్తారు. మా ఆయన శ్రీనుది ఇంకా ఘోరమైన టెస్టు. చిన్న డబ్బా చేతికిచ్చి గదిలోకి వెళ్లి రమ్మంటారు. పాపం, ఆ సాహసానికి ఆరు నెలలుగా తీరిక దొరకలేదు. ఓసారి మిరపకోతలన్నాడు, ఓసారి జలుబన్నాడు. జలుబు!

సరే, నేనే ముందు బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, భయంతో రాత్రంతా నిద్రలేదు. రెండూ మూసుకుపోయాయంటే ఏం చెయ్యాలి?

ఇంట్లో చెప్పలేదు. మా అత్తయ్యకి ఒక్క ముక్క చెబితే చాలు, ఊళ్లో అందరికీ నా గర్భసంచి సంగతే. అందుకే శ్రీనుకి ట్రైనింగిచ్చాను.

"మామయ్యగారు ఫోన్ చేస్తే బండి ట్యూబు పంచరైందని చెప్పు. ట్యూబు మాట నిజమేగా, సగం అబద్ధమే!"

ఎక్స్‌రే సెంటర్లో కూర్చున్నామో లేదో ఫోన్ మోగింది. మామయ్యగారి గొంతుకి స్పీకరక్కర్లేదు.

"ఏ ట్యూబురా? ముందుదా, వెనకదా?"

ఇది సిలబస్‌లో లేదు! శ్రీను బిక్కమొహమేసి నన్ను చూశాడు. నేను గబగబా రెండు వేళ్లు చూపించాను. రెండోది, అంటే వెనకది అని.

"రెండూ నాన్నా!" అన్నాడు మహానుభావుడు.

"రెండూ ఒకేసారా! మేకుల మీద తోలావా ఏందిరా? ఎక్కడున్నావు?"

కంగారులో అడ్రసు మాత్రం సందుతో సహా కరెక్టుగా చెప్పాడు. మామయ్యగారు ఆ పొద్దున్నే టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, లారీకెత్తించుకుని మిర్చి యార్డుకొచ్చారన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఈలోపు నన్ను లోపలికి పిలిచారు. "కాస్త నొప్పిగా ఉంటుందమ్మా," అంది డాక్టరమ్మ. ఆ 'కాస్త' అనే మాట కనిపెట్టినవాణ్ణి ఆ బల్ల మీద పడుకోబెట్టాలి! పది నిమిషాల్లో అయిపోయిందనుకోండి. సిస్టర్ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

మెట్ల మీద శ్రీను గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. కింద మామయ్యగారు, ఆయన వెంటబెట్టుకొచ్చిన మెకానిక్, మధ్యలో మా బండి.

"సౌజన్య గారి తాలూకు ఎవరండీ?" సిస్టర్ కేకేసింది. "కంగారేం లేదు, రెండు ట్యూబులూ క్లియర్! ఎక్కడా బ్లాకు లేదు!"

నాకు సంతోషంతో ఏడుపొచ్చేసింది.

టైరు నొక్కుతున్న మెకానిక్ తలెత్తాడు. "నేనూ అదే చెబుతున్నానండీ. ట్యూబులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకేదన్నా ప్రాబ్లముంటే ఇంజన్లోనే. ముందది చూపించుకోండి."

మామయ్యగారు సెంటర్ బోర్డు చదివారు: 'ఎక్స్‌రే, ల్యాబ్, సంతాన పరీక్షలు'. నన్ను చూశారు. తర్వాత కొడుకుని చూశారు.

"ఒరేయ్, నీ టెస్టయిందా?"

"రేపు నాన్నా..."

"లోపలికి నడువు!"

నడిచాడు! ఆరు నెలలు నేను బతిమాలితే కదలని మనిషి, డబ్బా పట్టుకుని బుద్ధిగా వెళ్లాడు. హమ్మయ్య అని మెట్ల మీద కూలబడ్డానా, మామయ్యగారు అత్తయ్యకి ఫోన్ కలిపారు.

"ఏమేవ్! కోడలి ట్యూబులు రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయంట!"

ఎదురుగా టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా గ్లాసులు దించి నావైపు చూశారు. ఒకాయన అయితే "శుభం తల్లీ" అని చెయ్యి కూడా ఊపాడు. ఇకమీదట ఏదన్నా రహస్యం ఉంటే నేనే మైకు పట్టుకుని చెప్పేస్తాను.