పిడికెడు బియ్యం

గూడూరులో వాకాడు బస్సెక్కితే, పక్క సీట్లో అమ్మాయి కాళ్ల దగ్గర బియ్యం సంచి పెట్టుకుని కూర్చుంది. పక్కవాళ్ల సంచుల్లో ఏముందో అడగనిదే నాకు ప్రయాణం సాగదు.

"రేషన్ బియ్యమా?"

"కాదక్కా, మా హాస్టల్ పిడికెడు బియ్యం."

తను చదివేది ఒక చిన్న లూథరన్ విశ్వవిద్యాలయంలోనట. హాస్టల్లో అమ్మాయిలే వంతులేసుకుని వండుకుంటారు. వంతు ఎవరిదైనా, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వేయాలి. చర్చికి వెళ్లే ఆడవాళ్ల పాత అలవాటట అది. కుండ నిండితే, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఇస్తారు. ఇప్పుడు సముద్రంలో వేట నిషేధం. అందుకే ఈసారి బియ్యం ఈ అమ్మాయి వాళ్ల జాలర్ల వీధికి.

"మీరు క్రైస్తవులా?"

"లేదక్కా, మేం గంగమ్మకు మొక్కుతాం. నా వంతు రోజు నేనూ ఏసినాను."

వాళ్ల ఊరి దగ్గర డ్రైవరు టీకి ఆపాడు. నేనూ దిగాను. ఎదురొచ్చిన వాళ్లమ్మకు సంచి అందిస్తూ, "పడవలు కదిలేదాకా అందరూ పంచుకోండమ్మా" అంది అమ్మాయి.

తల్లి అక్కడే సంచి మూతి విప్పింది. ఒక పిడికెడు తీసి కూతురి చున్నీ కొసకు ముడేసింది.

"తీసకపోయి మీ కుండలో ఎయ్ పాపా."

"వాళ్లిచ్చిన బియ్యమే కదమ్మా!"

"ఇచ్చినారు, సరే. మన చేతికొచ్చినాక మన బియ్యమే. మన పిడికెడు పడొద్దా?"